ముందు మన చేతిలోది దించుదాం



గత మాసంలో ఒక సాయంత్రం అసర్ నమాజు అనంతరం మక్తబ్‌లో పిల్లల పాఠం వింటున్నాను. ఒక సోదరి తన ఆరేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చి గుమ్మం వద్ద నిలబడింది. ఆమె చేతిలో నీళ్ల సీసా ఉంది. "హజ్రత్, ఈ నీళ్ల మీద ఏదైనా చదివి ఊదండి. వీలైతే ఒక తావీజు కూడా ఇవ్వండి. వీడికి ఫోను పిచ్చి పట్టింది. ఫోను చూపనిదే ముద్ద మింగడు. నిన్న తీసుకోబోతే వాళ్ల దాదీ చేతిని కొరికాడు" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పిల్లవాడు నా ముఖం వైపు చూడటం లేదు. నా జుబ్బా జేబు వైపే చూస్తున్నాడు. అందులో నా ఫోను ఉంది.

తావీజులు నేను రాయనని ఆమెకు మెల్లగా చెప్పాను. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ మనుమలైన హజ్రత్ హసన్, హజ్రత్ హుసైన్ (రజి)ల కోసం అల్లాహ్ శరణు వేడుకొన్న దుఆను చదివి, ఆ పసివాడి తల నిమిరాను. తరువాత మాబోటి వాళ్లం అందరికీ చెప్పే సలహానే చెప్పాను: "తల్లీ, ఆ ఫోను కట్టేసి బీరువాలో పెట్టు. నాలుగు రోజులు ఏడుస్తాడు, ఆపై మరచిపోతాడు."

ఆమె తల వంచుకొని అన్నది: "పెట్టేదాన్నే హజ్రత్. కానీ వాడి అబ్బా కూడా అందులోనే కదా ఉన్నాడు!"

నాకు వెంటనే సమాధానం తోచలేదు. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్నాడు. పిల్లవాడికి రెండేళ్లప్పుడు వెళ్లాడు. మధ్యలో ఒకే ఒక్కసారి వచ్చి వెళ్లాడు. మా కడప ప్రాంతంలో ఇటువంటి ఇళ్లు కొల్లలు. ఆ పిల్లవాడికి తండ్రి అంటే అరచేతిలో వెలిగే ఒక ముఖం, ఒక గొంతు. ఫోనును బీరువాలో పెట్టడమంటే తండ్రిని కూడా బీరువాలో పెట్టడమే. నేను మిగతా వారికి ఇచ్చే సలహా ఆ ఇంటికి సరిపోదు. ఆ మాటకొస్తే అది ఏ ఇంటికైనా పూర్తిగా సరిపోతుందా అని ఆ రాత్రి ఆలోచించాను. ఈ నెల మీతో పంచుకోదలచినది ఆ ఆలోచననే.

ఫోను ఇంట్లోకి ఏ దారిన వచ్చింది?

ప్రతి ఒక్కరూ కాపరియే, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరూ సమాధానం చెప్పుకోవలసిందే అని ప్రవక్త మహనీయులు (స) హెచ్చరించారు. పురుషుడు తన కుటుంబానికి, స్త్రీ తన ఇంటికి, పిల్లలకు జవాబుదారులని కూడా వివరించారు. ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. మంద దారి తప్పినప్పుడు గొర్రెపిల్లను ప్రశ్నించరు, కాపరినే ప్రశ్నిస్తారన్న సంగతిని మాత్రం మరచిపోతాం.

ఏ పసిపాపా తనంతట తాను బజారుకు వెళ్లి ఫోను కొనుక్కోలేదు. పాప ముద్ద తినకపోతే ఇచ్చాం. పొయ్యి మీద కూర మాడిపోతుంటే ఇచ్చాం. దాదాకు మధ్యాహ్నం కునుకు పట్టాలని ఇచ్చాం. బంధువుల ఇంట పిల్లలు అల్లరి చేస్తే పరువు పోతుందని ఇచ్చాం. 2020లో బడులు మూతబడినప్పుడు ప్రభుత్వమే పాఠాలను టీవీకి, ఫోనుకు మార్చింది కాబట్టి అప్పుడు తప్పనిసరై ఇచ్చాం. బడులు తెరుచుకొన్న తరువాత తిరిగి తీసుకోవడం మరచిపోయాం.

ఇందులో తల్లులను మాత్రమే నిందించడం అన్యాయం. వంట, బట్టలు, అత్తమామల సేవ, పిల్లల చదువు అన్నీ ఒక్క మనిషి భుజాల మీద వేసి, ఆమె ఒక అరగంట నిశ్శబ్దం కోసం ఫోను ఇచ్చిందని మగవాళ్లం మందలించడం తగదు. ఆ నిశ్శబ్దానికి ధర ఎంతో తెలుసుకోవడం మాత్రం ఇంటిల్లిపాది బాధ్యత.

అంతం లేని వస్తువు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పసిపిల్లల విషయమై మార్గదర్శకాలను విడుదల చేసింది. రెండేళ్లు నిండని పిల్లలకు తెర ముందు కూర్చోబెట్టే అలవాటే వద్దని, 2 నుండి 4 ఏళ్ల వారికి రోజుకు గంటకు మించరాదని, అంతకంటే తక్కువైతే మరీ మంచిదని అందులో ఉంది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం కూడా దాదాపు ఇదే చెబుతోంది. మన ఇళ్లలో ఒక్క భోజన సమయంలోనే ఆ గంట గడిచిపోతోంది.

కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. పసివాడు మాట నేర్చేది బదులు వచ్చినప్పుడు. వాడు "బా" అంటే అమ్మ "ఏం నాన్నా, బంతి కావాలా?" అంటుంది. ఆ రాకపోకల్లోనే భాష పుడుతుంది. ఫోనులోని బొమ్మ రోజంతా పాడుతుంది కానీ వాడి మాటకు ఒక్కసారైనా బదులు పలకదు.

రెండవది, ఈ లోకంలో పిల్లలకు మనం ఇచ్చే ప్రతి వస్తువుకూ ఒక అంతం ఉంటుంది. గిన్నెలో అన్నం అయిపోతుంది. నానీ చెప్పే కథ ముగుస్తుంది. ఆట చీకటి పడగానే ఆగుతుంది. ఫోనులోని వీడియోలకు మాత్రం అంతం లేదు. ఒకటి ముగియక ముందే రెండవది తనంతట తానే మొదలవుతుంది. పిల్లవాడికి ఆగవలసిన చోటంటూ ఎక్కడా కనబడదు. అటువంటప్పుడు మనం వెనుక నుండి వచ్చి చటుక్కున లాక్కుంటే, వాడికది కథ మధ్యలో పుస్తకం చింపినట్టే ఉంటుంది. అందుకే ఆ అరుపులు, ఆ కొరకడం. దానిని దయ్యం పట్టినట్టు భావించి బెంబేలు పడనక్కర లేదు. ఆగే చోటు చూపించకుండా నడిపించిన తప్పు మనది.

మరి ఆ చోటును ఎక్కడ నుండి తేవాలి? అల్హందులిల్లాహ్, విశ్వాసుల ఇంట అది ముందే ఉంది. రోజుకు 5 సార్లు అజాన్ మన దినాన్ని విభజిస్తుంది. "ఇంకో 10 నిమిషాలు" అన్న మాట పసివాడికి అర్థం కాదు. "మగ్రిబ్ అజాన్ వినబడగానే ఫోను పైకి వెళుతుంది" అంటే అర్థమవుతుంది. ఆ హద్దును గీసింది అమ్మ కోపం కాదు, అబ్బా చిరాకు కాదు. అజాన్ వినగానే అబ్బా కూడా తన ఫోనును పక్కన పెట్టి వుజూకు లేస్తే, పిల్లవాడికి వేరే ఉపన్యాసం అక్కర లేదు.

నా ఇంట జరిగినది

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. చెప్పకపోతే పై మాటలకు విలువ ఉండదు.

గత కొన్నేళ్లుగా ఫజ్ర్ తరువాత నేను ఫోనులోనే ఖుర్ఆన్ పారాయణం చేసేవాణ్ణి. అక్షరాలు పెద్దవిగా కనబడతాయి, కళ్లద్దాలు వెతకనక్కర లేదు. పారాయణం ముగిశాక అదే ఫోనులో సందేశాలు చూసుకొనేవాణ్ణి. ఒకరోజు నా నాలుగేళ్ల మనుమరాలు పక్కన చేరి, "నానా, నాకూ ఖుర్ఆన్ ఇవ్వు" అని చేయి చాచింది. నా హృదయం ఉప్పొంగింది. అల్మారాలోని ముస్‌హఫ్ తీసి చూపబోయాను. ఆమె తల అడ్డంగా ఊపి నా ఫోనును చూపింది. ఇస్తే, వేలితో రెండుసార్లు తాకి బొమ్మల వీడియో తెరిచింది.

ఆమె తప్పేముంది? ఆమె కూర్చున్న చోటు నుండి కనబడేది ఫోను వెనుక భాగమే. నానా అందులో దైవవాక్కు చదువుతున్నాడో, వాట్సాప్ సందేశం చదువుతున్నాడో ఆమెకు ఎలా తెలుస్తుంది? పారాయణానికి, కాలక్షేపానికి మధ్య ఉన్న భేదాన్ని నేనే ఆమె కళ్ల ముందు చెరిపివేశాను. ఫోనులో ఖుర్ఆన్ చదవడం తప్పని నేను అనడం లేదు. ప్రయాణంలో అది గొప్ప సౌకర్యమే. కానీ పిల్లలున్న ఇంట రెహల్ మీద తెరిచిన ముస్‌హఫ్ దానికదే ఒక పాఠం. ఆ మరునాటి నుండి కళ్లద్దాలు వెతుక్కొనే శ్రమను స్వీకరించాను. ఇప్పుడు ఆమె నా ప్రక్కన కూర్చొని వేలితో అలిఫ్‌లు వెతుకుతుంది.

చిన్న అబద్ధాలు

ఫోను వచ్చాక మన ఇళ్లలో కొన్ని అబద్ధాలు కూడా పుట్టాయి. "ఛార్జింగ్ అయిపోయింది", "ఫోను చెడిపోయింది", "ఇచ్చెయ్, చాక్లెట్ కొనిస్తాను", "పోలీసు వస్తాడు". ఇవి మనకు అబద్ధాలుగానే తోచవు.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ (రజి) బాల్యంలోని ఒక సంఘటనను గుర్తు చేసుకొందాం. ఒకరోజు దైవప్రవక్త (స) వారి ఇంట ఉన్నప్పుడు తల్లి ఆయనను, ఇలా రా, నీకొకటి ఇస్తానని పిలిచింది. ఏమి ఇవ్వదలచావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇద్దామనుకొన్నానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ పద్దులో ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన తెలియజేశారు. అబూ దావూద్ సంకలనంలో ఉన్న హదీసు ఇది. పసివాడితో ఆడిన మాట కూడా మాటే. ఐదేళ్లు ఛార్జింగ్ అబద్ధం విన్న పిల్లవాడు పదిహేనేళ్లప్పుడు "చదువుకుంటున్నా అమ్మీ" అని తలుపు వేసుకొంటే ఆశ్చర్యపోవడం దేనికి? "ఇప్పుడు ఇవ్వను, రేపు అసర్ తరువాత ఇస్తాను" అని నిజమే చెప్పండి. రేపు అసర్ తరువాత ఇవ్వండి కూడా. మాట నిలబడే ఇంట పిల్లల ఏడుపు ఎక్కువ రోజులు నిలబడదు.

ఆ ఇంట ఏమి చేశాం?

తిరిగి ఆ సోదరి విషయానికి వస్తాను. మరునాడు ఆమె అనుమతితో, అత్తగారి సమక్షంలో, ఆమె భర్తతో ఫోనులో మాట్లాడాను. "మీరే వాడికి ఫోను ఇమ్మని చెబుతున్నారట కదా బాబూ?" అని అడిగాను. కొంతసేపు మౌనం. తరువాత అతడన్నాడు: "హజ్రత్, వాడు ఏడుస్తుంటే ఇక్కడ నుండి నేను ఎత్తుకోలేను కదా. అందుకే ఇచ్చేయమంటాను." ఆ తండ్రిని ఏమని మందలించను?

మేం ముగ్గురం కలిసి చేసినది ఒక్కటే. ఫోనులోని అబ్బాను, ఫోనులోని వీడియోలను వేరు చేశాం. అమెరికాలోని పిల్లల వైద్యుల అకాడమీ కూడా 2016లో పసిపిల్లలకు తెర వద్దంటూనే, ఆప్తులతో మాట్లాడే వీడియో కాల్‌ను అందులో నుండి మినహాయించింది. అక్కడ బదులు పలికే మనిషి ఉంటాడు గనుక.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి 8 గంటలైతే అక్కడ సాయంత్రం 5:30. అతడికి పని ముగిసే వేళ అది. ప్రతిరోజూ ఆ సమయానికే కాల్. శుక్రవారం అతడికి సెలవు కాబట్టి జుమా తరువాత మరొకసారి. ఫోనును పిల్లవాడి చేతికి ఇవ్వరు, గూట్లో నిలబెడతారు. దాదీ, అమ్మ కూడా ఎదురుగా కూర్చుంటారు. తండ్రి రోజుకొక ప్రవక్త కథలో కొంత చెబుతాడు. ఒక రోజు నూహ్ (అలై) నావ, మరొక రోజు యూనుస్ (అలై)ను మింగిన చేప. పిల్లవాడు మక్తబ్‌లో నేర్చుకొన్నది అప్పగిస్తాడు. సలాం చెప్పుకొన్నాక ఫోను అల్మారా పైకి వెళుతుంది. సెలవుపై వచ్చేటప్పుడు తేదలచిన ట్యాబ్‌ను మానుకొని, ఒక సైకిలు కొనిస్తానని తండ్రి మాట ఇచ్చాడు.

భోజన వేళ ఫోను పూర్తిగా బంద్ చేశాం. చిన్నారి ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చేయి పళ్లెమంతా తిరుగుతుంటే, అల్లాహ్ పేరుతో ఆరంభించమని, కుడి చేత్తో, తన ముందున్న దాని నుండి తినమని ప్రవక్త (స) దస్తర్‌ఖాన్ వద్దనే నేర్పించారు. పిల్లవాడి తొలి మదరసా దస్తర్‌ఖానే. అక్కడ ఫోను పెడితే బిస్మిల్లాహ్ చెప్పే చోటు కూడా మిగలదు. ఒక పూట తక్కువ తింటే తిననివ్వండి. ఆకలి వేసిన పిల్లవాడు మళ్లీ తానే వస్తాడు.

పొయ్యి దగ్గర తల్లికి పనిగా ఉన్న సమయంలో వాడికీ ఒక పని ఇచ్చాం. బఠాణీలు ఒలవడం, పిండి ముద్దతో బొమ్మలు చేయడం, దాదీ తస్బీహ్ పూసలు లెక్కపెట్టడం. ఇల్లు కొంత చిందరవందర అవుతుంది. అవనివ్వండి.

మొదటి నాలుగు రోజులు ఆ ఇంట చాలా కష్టంగా గడిచాయి. వాడు పళ్లెం తోసేశాడు. గోడకు తల బాదుకోబోతే దాదీ ఒడిలోకి తీసుకొంది. కానీ ఎవరూ చేయి చేసుకోలేదు. హజ్రత్ అనస్ (రజి) పదేళ్లు దైవప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్లలో ప్రవక్త (స) తనను ఒక్కసారైనా విసుక్కోలేదని ఆయనే సాక్ష్యమిచ్చారు. మనమే అలవాటు చేసిన దానికి మనమే కొట్టడం ఏ న్యాయం? ఐదవ రోజు వాడు కొట్టుకోకుండానే ఏడ్చాడట. రెండవ వారంలో "ఈ రోజు చేప కథేనా?" అని తానే అడిగాడట.

అంతా చక్కబడిందని చెప్పను. మేనత్త ఇంట పెళ్లికి వెళ్లినప్పుడు అక్కడి పిల్లలతో కలిసి పూటంతా ఫోనులోనే గడిపాడు. మరునాడు మళ్లీ మొండికేశాడు. తల్లి దిగులుపడి వచ్చింది. విత్తనం నాటిన మరునాడే తవ్వి చూడకూడదమ్మా అని చెప్పి పంపాను.

మరికొన్ని మాటలు

"మేం చూపేది ఇస్లామీ కార్టూన్లే కదా" అని కొందరంటారు. విషయం మంచిదైనంత మాత్రాన తెర ఒడి అయిపోదు. చూపదలిస్తే పక్కన కూర్చొని చూపండి, చూసిన దాని గురించి మాట్లాడండి.

ఫోను ఇవ్వవలసి వచ్చినప్పుడు ఒకటి ముగియగానే మరొకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటును సెట్టింగులలో ఆపివేయండి. పిల్లల కోసమే ఉన్న యూట్యూబ్ కిడ్స్‌లోనూ సమయ పరిమితి పెట్టవచ్చు. ఏయే యాప్‌లు ఎంతసేపు వాడాలో పెద్దలు నిర్ణయించేందుకు గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ ఉచితంగా లభిస్తుంది. డబ్బు చెల్లింపుల పిన్ పిల్లలకు తెలియనివ్వకండి. ఆటల మోజులో ఖాతాలోని డబ్బు మోసగాళ్ల పాలైతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయండి. ఇవన్నీ తలుపుకు పెట్టే గడియల వంటివి. గడియ అవసరమే. కానీ ఇంట్లో మనిషి లేకుండా గడియ మాత్రమే కాపలా కాయదు.

రెండేళ్లు దాటినా మాటలు రాకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, దానిని ఫోను అలవాటుగానే భావించి కూర్చోకండి. తావీజుల కోసం తిరుగుతూ విలువైన నెలలు పోగొట్టుకోకండి. పిల్లల వైద్యునికి చూపించండి. అనేక జిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో పిల్లల ఎదుగుదల లోపాలను పరీక్షించే ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. దుఆ చేయడం, మందు తీసుకోవడం రెండూ మన ధర్మం నేర్పినవే.

ఈ మాసం మన ఇళ్లలో ఒక్క పని చేసి చూద్దాం. మగ్రిబ్ అజాన్ నుండి ఇషా ముగిసేవరకు ఇంట్లోని పెద్దల ఫోనులన్నీ ఒకే చోట, అల్మారా పైన ఉంచుదాం. ఆత్మీయుల కాల్ వస్తే లేచి వెళ్లి మాట్లాడి తిరిగి అక్కడే పెడదాం. పిల్లలకు మాత్రం ఏమీ చెప్పవద్దు. వారు చూస్తారు.

ఆ పిల్లవాడు ఇప్పుడు రోజూ మక్తబ్‌కు వస్తున్నాడు. మొదటి వారమంతా పాఠం చెబుతూ నా జేబు వైపే చూసేవాడు. ఇక లాభం లేదని నేనే ఫోనును ఇంట వదిలి రావడం మొదలుపెట్టాను. మొన్న గురువారం సూరె ఇఖ్లాస్ తప్పు లేకుండా అప్పగించాడు. అప్పగించేటప్పుడు నా కళ్లలోకి చూశాడు.

భార్యాబిడ్డలు మనకు కంటిచలువ కావాలని వేడుకోవడం దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. ఆ చలువ కావాలంటే ముందు మన కళ్లు వారి వైపు ఉండాలి కదా! అల్లాహ్ మన సంతానాన్ని మన కంటిచలువగా చేయుగాక. దూరదేశాల్లో శ్రమిస్తున్న తండ్రులను క్షేమంగా వారి పిల్లల చెంతకు చేర్చుగాక. ఒంటరిగా ఇల్లు నడిపే తల్లులకు సహనాన్ని, బలాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.